హింటా, జవాబా? మా ఎస్‌క్యూఎల్ గ్రూపులో నాకు తెలిసొచ్చింది

టెలిగ్రామ్ స్టడీ గ్రూపులో ఎవరైనా డౌట్ అడిగితే సూటిగా కోడ్ ఇచ్చేయాలా, హింట్ ఇచ్చి వాళ్లనే తేల్చుకోమనాలా అని అడిగారు. ముందు ఆ డౌట్ ఏ రకమో చూడండి అంటాను నేను.

నాలుగేళ్లుగా ఒక ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష) గ్రూపు చూసుకుంటున్నాను. ఎక్కువమంది బీకామో మెకానికలో చదివి, డేటా ఉద్యోగాల్లోకి మారదామని వచ్చినవాళ్లు. పగలు వేరే పని, రాత్రి పది దాటాక ప్రాక్టీసు. మొదట్లో నేను పక్కా హింట్ల మనిషిని. జవాబు చెప్తే ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టే అనుకునేదాన్ని.

ఆ పట్టు ఒక్క రాత్రితో వదిలింది. "అక్కా, ఒరాకిల్‌లో పేరు ఖాళీగా ఉన్న వరసలు వెతుకుతుంటే ఒక్కటీ రావట్లేదు" అన్నాడు ఒకబ్బాయి. ఒరాకిల్ అంటే ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్. రెండు కొటేషన్ గుర్తుల మధ్య ఏమీ రాయకుండా, దానికి సమానమా అని పోల్చాడు. "ఖాళీకీ, అసలేమీ లేకపోవడానికీ తేడా ఏంటో ఆలోచించు" అని ఓ పొడుపుకథ పడేసి పడుకున్నాను. పొద్దున చూస్తే పద్నాలుగు మెసేజ్‌లు, ఆఖరిది రెండున్నరకి. సంగతేమిటంటే, ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ని (అక్షరాలేమీ లేని టెక్స్ట్‌ని) నల్‌గానే, అంటే విలువ తెలియనట్టుగానే చూస్తుంది; నల్‌ని దేంతో సమానమా అని పోల్చినా అవునని రాదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే వేరే డేటాబేస్‌లు అలా చూడవు. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇది ఆలోచిస్తే తట్టేది కాదు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. పైగా నేను తేడా వెతకమన్నాను, ఒరాకిల్‌లో ఆ తేడాయే లేదు! "ఈజ్ నల్ అని రాయి" అంటే అర నిమిషంలో అయిపోయేది.

విండోస్‌లో పైథాన్ పెట్టేటప్పుడు పాత్‌లో (విండోస్ ప్రోగ్రాములు వెతికే ఫోల్డర్ల జాబితాలో) కలిపే టిక్కు మర్చిపోయినవాడి సంగతీ అంతే. అక్కడ కనిపెట్టడానికేముంది, చెప్పేయడమే.

హింట్ పండేది ఇంకోచోట. ఒకమ్మాయి ఇంతవరకూ ఆర్డర్ పెట్టని కస్టమర్ల జాబితా కోసం నాట్ ఇన్‌తో ('ఈ జాబితాలో లేనివాళ్లు' అనే షరతుతో) క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న రాసింది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంది, ఫలితం మాత్రం సున్నా. "బ్రాకెట్ లోపలి క్వెరీ ఒక్కటే నడిపి, వింతగా ఏమైనా కనిపిస్తే చెప్పు" అన్నాను. ఐదు నిమిషాలకి, "అక్కా, ఆర్డర్లలో ఒకచోట కస్టమర్ నంబరు నల్ ఉంది." సరే, 5 ఆ నల్‌కి సమానం కాదని ఖాయంగా చెప్పగలవా అని అడిగాను. కాసేపు టైపింగ్... టైపింగ్... "చెప్పలేం కదా. అందుకేనా ఒక్కరూ రాలేదు!" నాట్ ఎగ్జిస్ట్స్‌తో ('అలాంటి వరస ఒక్కటీ లేదా' అని చూసే షరతుతో) తిరగరాసింది తనే. నల్ అంటే సున్నా కాదు, 'తెలియదు' అని నేను అంతకుముందు పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ రోజు ఎక్కింది.

ఈ రెండు హింట్లకీ తేడా గమనించారా? మొదటిదాంట్లో "ఆలోచించు" అన్నాను, రెండోదాంట్లో "నడిపి చూడు" అన్నాను. చేతికి పనిచ్చి, వాళ్లు తిరిగొచ్చేదాకా పక్కన కూర్చునే ఓపిక లేని రోజున నేను హింట్ జోలికి పోను, జవాబే ఇస్తాను.

మరీ కొత్తవాళ్లకైతే చేసి చూపించడమే మేలు. 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు ఆల్జీబ్రా మీద ప్రయోగాలు చేశారు. సొంతంగా కుస్తీ పట్టినవాళ్ల కంటే, చేసిపెట్టిన లెక్కలు చూసి నేర్చుకున్నవాళ్లు అలాంటి లెక్కలనే త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. లెక్క రూపు మారితే మాత్రం ఆ లాభం కనబడలేదు. అందుకే మొదటిసారి జాయిన్ (రెండు టేబుళ్లని కలిపే క్వెరీ) రాసేవాళ్లకి జవాబు మొత్తం రాసిచ్చి, మర్నాడు టేబుళ్లు మార్చి అదే చిక్కు మళ్లీ పెడతాను. ఈసారి నోరు మెదపను.

ఇక అసైన్‌మెంట్ ఫొటో పెట్టి "అర్జెంట్ బ్రో" అనేవాళ్లున్నారు (నేను బ్రోని కాదని ఎన్నిసార్లు చెప్పినా సరే). వాళ్లకి హింటూ లేదు, జవాబూ లేదు. నువ్వు రాసిన క్వెరీ పెట్టు అంటాను. సగంమంది మళ్లీ కనబడరు. మిగతా సగంలో కొందరికి క్వెరీ పెట్టబోతుండగానే తప్పు దొరికిపోతుంది, ఫొటో డిలీట్ చేసి జారుకుంటారు.