కొండ ప్రయాణం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: డిసెంబరు చివర్లో మా అత్తగారు (68 ఏళ్లు), ఇద్దరు పిల్లలతో కలిసి నాలుగు రోజుల్లో ఊటీ, మున్నార్ రెండూ చూసి రావాలనుకుంటున్నాం. టీ తోట దగ్గర నుంచి చూడాలని అత్తగారి కోరిక. పిల్లలకేమో కొండ రైలు ఎక్కాలని. ఎలా వెళ్తే బాగుంటుంది?
– ఎస్.వి., గుంటూరు

జవాబు: మున్నార్ ఈసారికి వదిలేయండమ్మా. మ్యాపులో రెండూ దగ్గరగానే కనిపిస్తాయి. కానీ ఊటీ కొండ పూర్తిగా దిగి, పొల్లాచ్చి, ఉడుమలపేట దాటి ఇంకో కొండ ఎక్కాలి. పగలంతా కారులోనే గడిచిపోతుంది. ఆ వయసులో ఆవిడకి అన్ని మలుపులు ఎందుకు చెప్పండి?

బస ఊటీలో కాకుండా కూనూరులో పెట్టుకోండి. మావారు ఆ పక్కనే అరువంకాడులోని కార్డైట్ (మందుగుండు) ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ మా కాపురం కూనూరులోనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఊటీ కన్నా సుమారు నాలుగు వందల మీటర్లు కిందుంటుంది కాబట్టి చలి కాస్త తక్కువ. ఊరు దాటీ దాటగానే తోటలు. ఊటీకి ఒక పూట వెళ్లి వస్తే చాలు.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు దిగి, మేట్టుపాళయం మీదుగా రండి. అక్కడి నుంచి కొండ రైలు 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది. కల్లారు నుంచి కూనూరు వరకు పట్టాల మధ్య పళ్లున్న ఇనుప కడ్డీ ఉంటుంది. ఇంజిన్ చక్రం దాన్ని పట్టుకుంటూ పెట్టెల్ని వెనక నుంచి నెడుతుంది. పిల్లలకి అది చూపించాల్సిందే. కాకపోతే ఈశాన్య రుతుపవనాల వానలకు ఆ భాగంలోనే కొండచరియలు పడి, డిసెంబరులో కూడా రైలు రద్దవుతుంటుంది. టికెట్ దొరికినా దాని మీదే ప్లానంతా కట్టకండి. రద్దయితే కూనూరు–ఊటీ మధ్య డీజిల్ ఇంజిన్‌తో నడిచే రైలు ఎక్కించండి.

ఇక తోట. రోడ్డు పక్కన కారాపి, పొదల్లో నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరలా చేయొద్దు. ఒక ఉదయం మొత్తం దీనికే ఉంచండి. మంచుకి తడిసిన పొదలు ఒరుసుకుని బట్టలు నానిపోకుండా, ఆకు కోసే ఆడవాళ్లు నడుముకి ప్లాస్టిక్ పట్టా చుట్టుకుంటారు. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున తుంచుతూ వాలులో పైకి పోతుంటారు. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు శ్రీలంక తోటల్లో పనిచేసి, 1964 భారత్–శ్రీలంక ఒప్పందం తర్వాత తిరిగొచ్చిన తమిళులు. కోసిన ఆకు బరువును బట్టి కూలి లెక్క ఉంటుంది, కాబట్టి పనిలో ఉండగా ఆపి ఫొటోలు అడగకండి. తూకం దగ్గరో, భోజనం వేళో పిల్లల చేత ‘వణక్కం అక్కా’ అనిపించండి. మీ అత్తగారికి తమిళం రాకపోయినా ఫర్వాలేదు, మోకాళ్ల నొప్పుల గురించి చేతులతోనే మాట్లాడేసుకుంటారు!

తర్వాత టీ ఫ్యాక్టరీ చూడండి. ఆకు వాడబెట్టడం, నలపడం, గాలికి రంగు మారడం, ఆరబెట్టడం వరసగా కనిపిస్తాయి. కిలో టీపొడికి నాలుగైదు కిలోల పచ్చాకు కావాలి. పొద్దున్న చూసిన ఆ వేళ్లు ఎన్నిసార్లు తుంచితే అంత ఆకవుతుందో పిల్లల్నే అడగండి.

చీకటి పడ్డాక మాత్రం తోటల్లోకి అడుగు పెట్టకండి. అడవిదున్నలు తిరుగుతాయి.

ప్రశ్న: సొంత కారులో ఊటీ వెళ్తే ఏమైనా అనుమతి కావాలా?
– ఆర్.కె., కర్నూలు

జవాబు: కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరులకు, కొడైకెనాల్‌కు ఈ-పాస్ పెట్టారు. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. నీళ్లకు స్టీలు సీసాలు పెట్టుకోండి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ అక్కడ నిషేధం. చెక్‌పోస్టులో తీయించేస్తారు.

ప్రశ్న: నీలగిరి టీపొడి తెచ్చి పాలు పోసి కాస్తే చప్పగా ఉంది. నకిలీదా?
– పి.ఎల్., వరంగల్

జవాబు: మీరు తెచ్చింది పొడవాటి ఆకు రకం, ఆర్థడాక్స్ అయ్యుంటుంది. అది పాలకు నిలవదు. నీళ్లు మరిగించి దింపి, ఆకు వేసి మూడు నిమిషాలు మూతపెట్టి, వడగట్టి ఉత్తినే తాగండి. మన పాలటీకి గుళికల్లా ఉండే సీటీసీ రకం కావాలి. ఈసారి వెళ్లినప్పుడు ఇండ్‌కోసర్వ్ దుకాణంలో అడగండి. అది చిన్న రైతుల సహకార ఫ్యాక్టరీల సమాఖ్య, అక్కడ కొంటే మీ డబ్బు ఆ రైతుల సంఘాలకే చేరుతుంది.