ముక్కుకి పని పెట్టు

గుంటూరు, బ్రాడీపేట

చిన్నోడా,

నువ్వు పంపిన ఫొటో చూశాం. సోఫాలోని స్పాంజి అంతా హాలు నిండా పరిచి, మధ్యలో మీ లాబ్రడార్ బ్రూనో ఏమీ ఎరగని పెద్దమనిషిలా కూర్చుంది. మీ మావయ్య ఒకటే నవ్వు. పొద్దున తొమ్మిదికి మీరిద్దరూ ఆఫీసులకి పోతే రాత్రి ఏడు దాకా ఆ మొగల్రాజపురం ఫ్లాట్‌లో ఎనిమిది నెలల కుక్క ఒక్కటే ఏం చేస్తుందనుకున్నావురా? పేపర్ చదువుతుందా?

కొట్టకు. మధ్యాహ్నం చింపిన సోఫాకి రాత్రి తిడుతున్నావని దానికి అర్థం కాదు. నువ్వు ఇంటికొస్తే గొడవ అని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది.

సోఫాకి కారం పూయమని ఎవరో చెప్పారన్నావు. ఆ పని చేసి చెడ్డదాన్ని నేను. మా కుక్క రాజుగాడు మంచం కోళ్లు కొరుకుతున్నాడని కారప్పొడి నీళ్లలో కలిపి గుడ్డతో పూశాను. వాడు కోడు నాకి, మండుతున్న మూతిని ముందు కాళ్లతో తోముకుని, ఆ కాళ్లతోనే కళ్లు రుద్దుకున్నాడు. వాడి కళ్లు కుళాయి నీళ్లతో కడుగుతూ నేనూ ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే కోడు కొరుకుతున్నాడు!

లాబ్రడార్ అంటే నీళ్లలో పడ్డ వేట పక్షుల్ని నోట కరిచి తెచ్చి ఇవ్వడానికి పెంచిన జాతి. దాని నోటికి, ముక్కుకి పని ఉండాలి. నువ్వు పెట్టకపోతే అదే వెతుక్కుంటుంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే కుక్కకి 20 కోట్లకి పైనే ఉంటాయి. నువ్వేమో బందరు కాలువ పక్కన గొలుసు లాక్కుంటూ అరగంటలో తిప్పేసి వాకింగ్ అయిపోయిందంటావు. దూరం తగ్గించు. ఏ స్తంభం దగ్గరో ఆగి వాసన చూస్తుంటే చూడనీ, ఫోన్ తీసుకుని నిలబడు. పరుగెత్తించిన దానికంటే అలా ఇరవై నిమిషాలు వాసనలు పట్టుకుని వచ్చిన కుక్క బాగా పడుకుంటుంది. గడ్డిలో తిరిగొస్తే చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూసుకో.

ఇక తిండి. గిన్నెలో పోస్తే రెండు నిమిషాల్లో మింగేస్తుంది కదా, నువ్వు వెళ్లేరోజు గిన్నె తీసెయ్. పాత తుండుగుడ్డ పరిచి, డాగ్ ఫుడ్ గింజలు రెండు గుప్పిళ్లు చల్లి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టు. మొదటిరోజు చుట్టి ఊరుకో, అది ముక్కుతో తోసి విప్పుకుంటుంది. అది అలవాటయ్యాక గట్టిగా చుట్టు, ఆ తర్వాత మధ్యలో ఒక ముడి వెయ్యి. మొదట్లోనే ముడేస్తే విసిగిపోయి గుడ్డనే చింపుతుంది. కోడిగుడ్ల అట్ట ట్రే గుంటల్లో గింజలు వేసి పైన కాగితం ఉండలు పెట్టినా ఆటే. అట్ట చింపితే పర్లేదు, మింగుతుంటే మాత్రం ఆపెయ్. ఇవన్నీ ముందు సెలవురోజున పక్కన కూర్చుని చూడు. తర్వాతే ఒంటరిగా వదులు.

మే నెలలో బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పాలా? 45 డిగ్రీలు కాసే రోజుల్లో బాల్కనీలో కట్టేసి వెళ్లకు. రోడ్డు మీద నీ అరచేతి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు. ఆ రోజుల్లో చిన్న స్టీలు గిన్నెలో పెరుగు, క్యారెట్ ముక్కలు వేసి గడ్డకట్టించు, గిన్నెలోంచి తీసి ఆ గడ్డనే ఇవ్వు. పంచదార వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానీయకు. ఉడికిన కోడి ఎముకలు చీలి గుచ్చుకుంటాయి. నూజివీడు రసాలు తిని టెంక దానికి విసురుతావేమో, పేగులో అడ్డంపడితే ఆపరేషనే.

పది గంటలూ ఆడించాలని టెన్షన్ పడకు, రోజులో సగం అది నిద్రపోతుంది. కానీ మధ్యాహ్నం ఒకసారి మనిషి మొహం కనపడాలి. మీ వాచ్‌మన్ భార్యకి ఎంతోకొంత ఇచ్చి, ఒకటింటికి కిందికి తీసుకెళ్లి రమ్మను. ముందు నాలుగు రోజులు నువ్వున్నప్పుడే చేరువ చెయ్యి. రాత్రి నువ్వు సోఫా వెనక దాక్కుని పిలువు, వెతుక్కుని రానీ. దొంగాట పిల్లలకే కాదు.

నువ్వు తలుపు వేసిన క్షణం నుంచీ ఏడుపు, చొంగ, తలుపు గీకడం ఉంటే మాత్రం అది తోచక చేసే అల్లరి కాదు, ఒంటరితనం భయం. పశువుల డాక్టరుకి చూపించు. ఈ ఆటలతో తగ్గేది కాదు.

నా పాత నూలు చీరలు చింపి జడలు అల్లి మూడు పంపుతున్నా. నువ్వొక కొస, అదొక కొస పట్టుకుని లాగండి, నువ్వు లేనప్పుడు ఇవ్వకు. మూడూ ఒకేసారి ఇవ్వకు, రెండో రోజుకే మొహం మొత్తుతుంది. ఒకటి ఇచ్చి, రెండు బీరువాలో దాచు.

మీ అత్త