‘తగినంత’ అన్న చోట అంకె వెయ్యి: స్ప్రింక్లర్ల మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల కోసం లాన్ స్ప్రింక్లర్ల నిర్వహణ మీద తెలుగులో రాయాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇల్లు చేతికొచ్చేసరికి గరాజ్ గోడకి ఒక కంట్రోలర్ పెట్టె ఉంటుంది. దాన్నుంచి వైర్లు నేలలోకి ఎటు వెళ్తాయో, లోపల ఏముందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లుండరు. నువ్వు చెప్పబోతున్నావు. కాబట్టి బాగా చెప్పాలి.

నీ ప్రతిలో ‘తగినంత నీరు పెట్టాలి’, ‘క్రమం తప్పకుండా పరీక్షించాలి’, ‘అవసరమైతే శుభ్రం చేయాలి’ అన్న వాక్యాలు పేజీకి నాలుగైదు ఉన్నాయి. ఒక్కటీ తప్పు కాదు. కానీ అది చదివి చెప్పులేసుకుని లాన్‌లోకి వెళ్లినవాడికి చెయ్యడానికి పనేమీ దొరకదు. ‘తగినంత’ అని రాసిన ప్రతి చోటా ఒక అంకె పడాలి. ‘పరీక్షించాలి’ అన్న చోట చెయ్యి ఏం పట్టుకోవాలో, కన్ను ఏం చూడాలో రావాలి.

ఆ పరీక్షతోనే వ్యాసం మొదలుపెట్టు. మార్చిలో ఒకసారి, ఆ తర్వాత వేసవంతా నెలకోసారి. కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి ఒక్కో జోన్‌కి (ఒకే వాల్వ్ మీద నడిచే స్ప్రింక్లర్ల గుంపుకి) రెండు నిమిషాలు ఇచ్చి, నీళ్ల వెంట నడవమను. చేతిలో గుర్తుకోసం చిన్న జెండాలు ఉండాలి. తేడా కనిపించిన హెడ్ (నేలలోంచి లేచి నీళ్లు చిమ్మే గొట్టం) పక్కన ఒకటి గుచ్చుకుంటూ పోవడమే, అక్కడే ఆగి బాగుచెయ్యబోతే మిగతావి చూడరు. ఏం చూడాలంటే: హెడ్ పూర్తిగా పైకి లేచిందా, నిటారుగా ఉందా, నీళ్లు గడ్డి మీద పడుతున్నాయా లేక కాంక్రీటు మీదా కంచె మీదా పడుతున్నాయా, హెడ్ మొదట్లో నీళ్లు ఉబుకుతున్నాయా. లాన్‌మోయర్ చక్రం తగిలి వంగినవి ప్రతి ఇంట్లోనూ కనీసం ఒకటుంటుంది. మూత నేలమట్టానికి సమంగా ఉంటే మోయర్ తగలదు. మరీ లోపలికి దిగిపోతే గడ్డి అడ్డొస్తుంది. సెయింట్ అగస్టీన్ గడ్డిని రెండున్నర మూడు అంగుళాల ఎత్తున కోస్తారు కాబట్టి నాలుగంగుళాలు లేచే హెడ్ దాని మధ్యలో కాస్త దిగబడినా చాలు, నీళ్లు ఆకులకి కొట్టుకుని అక్కడే కారిపోతాయి. అక్కడ ఆరంగుళాలు లేచే పాప్-అప్ హెడ్ వెయ్యాలి. ఈ సంగతి నీ ప్రతిలో లేదు.

నాజిల్ (హెడ్ కొనన నీళ్లు చిమ్మే ముక్క) శుభ్రం చెయ్యడం గురించి ఒక్క వాక్యం రాశావు. దాన్ని విప్పు. రెయిన్ బర్డ్ కంపెనీ 1804 లాంటి స్ప్రే హెడ్ అయితే లోపలి గొట్టాన్ని చేత్తో పైకి లాగి పట్టుకోవాలి, లేకపోతే స్ప్రింగు లోపలికి లాక్కుంటుంది. పైనున్న నాజిల్‌ని అపసవ్యంగా తిప్పి తీస్తే దాని కింద బుట్ట లాంటి చిన్న జల్లెడ ఉంటుంది. సగం ఫిర్యాదులు ఆ జల్లెడలో చిక్కుకున్న ఇసుకవే. కుళాయి కింద కడిగి పెట్టెయ్యడమే. పెట్టే ముందు నాజిల్ లేకుండానే ఆ జోన్ ఒక అర నిమిషం నడిపితే పైపులో చెత్త బయటికి పోతుంది. నాజిల్ నెత్తిన ఉన్న చిన్న మరతో నీళ్లు పడే దూరంలో పావువంతు దాకా తగ్గించుకోవచ్చు. దిశ మార్చాలంటే గొట్టాన్నే తిప్పాలి. తిరిగే రోటర్లు వేరు: హంటర్ పీజీపీలో నీళ్లు తిరిగే వంపుకి కుడి అంచు స్థిరం, రెయిన్ బర్డ్ 5000లో ఎడమ అంచు స్థిరం. ఇది తెలియకపోతే పాఠకుడు రోటర్ని సర్దే తాళంచెవి పట్టుకుని అరగంట తిప్పినా నీళ్లు పక్కింటి కారు మీదే పడతాయి.

ఒకే జోన్‌లో స్ప్రే హెడ్డూ రోటరూ కలపకూడదని గట్టిగా చెప్పు, కారణంతో సహా. మామూలు స్ప్రే గంటకి సుమారు ఒకటిన్నర అంగుళం నీరు పోస్తుంది, రోటరు అర అంగుళం. రెండింటికీ వాల్వ్ ఒకటే కాబట్టి ఒకచోట బురద, ఒకచోట ఎండు. విరిగిన హెడ్ బదులు అంగట్లో చేతికి దొరికింది తెచ్చి బిగించడం వల్లే ఈ తప్పు జరుగుతుంది. అలాగే ఒత్తిడి: స్ప్రేకి 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), రోటరుకి 45 దగ్గర బాగుంటుంది. స్ప్రే నీరు చినుకులుగా కాకుండా పొగలా లేస్తుంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం, ఆ పొగలో చాలా భాగం గాలికే పోతుంది. ఒత్తిడిని 30కి పట్టి ఉంచే హెడ్లు దొరుకుతాయి, మూలనున్న ఒక్కదాన్ని కాక జోన్ మొత్తం మార్చుకోమను.

ఇప్పుడు నీ వ్యాసానికి ప్రాణం కావలసిన భాగం. ‘ఎన్ని నిమిషాలు పెట్టాలి’ అన్నదానికి నువ్వు ‘వేసవిలో పది నుంచి ఇరవై’ అని రాశావు. ఆ అంకె ఎవరి లాన్‌ది? పాఠకుడి చేత ఆరు టూనా డబ్బాలు పెట్టించు. గోడలు నిటారుగా ఉన్న ఏ డబ్బా అయినా సరే. జోన్‌లో హెడ్ల దగ్గర కొన్ని, మధ్యలో కొన్ని పెట్టి పావుగంట నడిపి, స్కేలుతో లోతు కొలవాలి. 0.30, 0.35, 0.40, 0.45, 0.40, 0.20 అంగుళాలు వచ్చాయనుకో. మొత్తం 2.10, సగటు 0.35. నాలుగుతో హెచ్చిస్తే గంటకి 1.4 అంగుళాలు. వారానికి ఒక అంగుళం, రెండు రోజుల్లో పెట్టాలంటే రోజుకి అర అంగుళం, అంటే 21 నిమిషాలు. 0.20 వచ్చిన డబ్బా ఉన్న చోట గడ్డి ఎండుతుంది. ఆ మూల కోసం నిమిషాలు పెంచితే మిగతా ఐదు చోట్ల నీళ్లు వృథా, కాబట్టి ఆ మూల హెడ్‌ని ముందు చూడాలి. వెయ్యి చదరపు అడుగుల మీద ఒక అంగుళం అంటే 623 గ్యాలన్లు, మన లెక్కలో దాదాపు 2,360 లీటర్లు. ఈ లెక్క ఒక్కటి ఉంటే నిమిషం ఖరీదు పాఠకుడికి బిల్లులో కనపడుతుంది.

ఆ 21 నిమిషాలూ ఒకేసారి పెట్టకూడదు. ఇక్కడ నీ చేతిలో ఒక మంచి పోలిక ఉంది, వదులుకోకు. ఉత్తర టెక్సస్ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే జాతి, వెర్టిసాల్. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. గుంటూరులోనో ఆదిలాబాద్‌లోనో పత్తి చేను చూసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు: ఈ మట్టి నీటిని మెల్లగా తాగుతుంది, తొందరపెడితే పైనుంచే పారిపోతుంది. అందుకని 21ని మూడు ఏడులు చెయ్యి. ఆరు జోన్లుంటే జోన్‌కి 7 నిమిషాలు, ఒక చుట్టుకి 42. కంట్రోలర్‌లో ఆరంభ సమయాలు తెల్లవారుజామున 3, 4, 5 గంటలకి పెడితే ప్రతి జోన్‌కీ మధ్యలో 53 నిమిషాల విశ్రాంతి దానంతటదే వస్తుంది, 6 కాకముందే పని ముగుస్తుంది. డాలస్ నగరంలో ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు ఉదయం 10కీ సాయంత్రం 6కీ మధ్య స్ప్రింక్లర్లు నడపకూడదు, వారానికి రెండు రోజులు మించకూడదు. పక్క ఊళ్ల నియమాలు వేరుగా ఉంటాయి గనక ఎవరి నగరం పేజీ వాళ్లని చూసుకోమను.

ఆరంభ సమయం అన్న మాట దగ్గర ఆగి, నిదానంగా రాయి. అది ప్రోగ్రాంది (జోన్లన్నీ వరసగా నడిచే పట్టికది), ఒక్క జోన్‌ది కాదు. ఆరు జోన్లున్నాయి కదా అని ఆరు ఆరంభ సమయాలు పెట్టినవాడి లాన్ ఆరుసార్లు తడుస్తుంది. ఇంకో చోట పాత యజమాని ‘బి’ ప్రోగ్రాంలో వదిలేసిన సమయం ఎవరికీ తెలియకుండా అర్ధరాత్రి నడుస్తుంటుంది. నీటి బిల్లు ఉన్నట్టుండి పెరిగిందంటే పైపు తవ్వేముందు ఎ, బి, సి మూడూ తిప్పి చూడమను. బ్యాకప్ బ్యాటరీ ఉన్న కంట్రోలర్‌లో దాన్ని ఏడాదికోసారి మార్చాలి. అది చచ్చిపోయాక కరెంటు పోతే కొన్ని కంట్రోలర్లు గడియారం మర్చిపోయి మిట్టమధ్యాహ్నం నీళ్లు పెడతాయి.

తడి గురించి నువ్వు రాసిన పేరాలో ‘లీకేజీ ఉంటే వెంటనే సరిచేయాలి’ అని ఉంది. ఏ లీకేజీ? జోన్ ఆగాక పల్లంలో ఉన్న హెడ్ దగ్గర నీళ్లు కారుతున్నాయనుకో. కొద్ది నిమిషాల్లో ఆగిపోతే అది పైపులో మిగిలిన నీరు వాలుకి దిగడం. చెక్ వాల్వ్ (నీరు అలా దిగిపోకుండా ఆపేది) ఉన్న హెడ్ వేస్తే చాలు. గంట తర్వాత కూడా కారుతుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు. ఎప్పుడూ ఏ హెడ్డూ లేని చోట చెమ్మగా ఉంటే పైపు పగిలింది. మూడింటికి మూడు వేరే మందులు. నేల మీద ఏమీ కనపడకపోతే నీటి మీటరు మూత తీసి చూడాలి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేశాక కూడా మీటరు మీది చిన్న త్రికోణం తిరుగుతుంటే ఎక్కడో పోతున్నట్టే. అప్పుడు స్ప్రింక్లర్ల బ్యాక్‌ఫ్లో (లాన్ నీరు తాగునీటి పైపులోకి వెనక్కి రాకుండా ఆపే పరికరం) దగ్గరి వాల్వ్ పిడిని పైపుకి అడ్డంగా తిప్పాలి. త్రికోణం ఆగితే దొంగ లాన్‌లో ఉన్నాడు, ఆగకపోతే ఇంటివైపు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం అంగుళంలో 32వ వంతు వ్యాసమున్న రంధ్రం చాలు, నెలకి సుమారు 6,300 గ్యాలన్లు పోవడానికి. ఈ అంకెని పేరా మొదట్లోనే పెట్టు.

వాల్వ్ మీద రాసేటప్పుడు ‘విభాజక పటలం’ అనకు. డయాఫ్రం (వాల్వ్ లోపలి రబ్బరు పొర) అని రాయి, అందరూ అదే అంటారు. అది ఎలా పనిచేస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్తే తర్వాతదంతా తేలికవుతుంది. డయాఫ్రంని మూసి ఉంచేది నీటి ఒత్తిడే. సన్నని రంధ్రం గుండా కొంచెం నీరు డయాఫ్రం పైగదిలోకి చేరి కిందికి అదుముతుంది. సొలినాయిడ్‌కి (వాల్వ్ మీది తీగచుట్టకి) కరెంటు అందితే అది ఆ పైగది నీటిని వదిలేస్తుంది, డయాఫ్రం లేస్తుంది, జోన్ తడుస్తుంది. ఇప్పుడు చూడు, ఆ సన్నని రంధ్రంలో ఒక ఇసుక రేణువు చిక్కితే పైగది నిండదు, వాల్వ్ మూసుకోదు. కంట్రోలర్ ఆపినా జోన్ ఆగకపోవడానికి తరచూ కారణం ఇదే, లేకపోతే డయాఫ్రం చిరుగు. విప్పే క్రమం: బ్యాక్‌ఫ్లో దగ్గర నీరు కట్టెయ్యాలి, వాల్వ్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి ఒత్తిడి తియ్యాలి, పై మూత మరలు విప్పాలి, స్ప్రింగు ఎటు కూర్చుందో ఫోనులో ఫోటో తీసుకుని డయాఫ్రం ఎత్తాలి. వెలుతురుకి పట్టి చిరుగు చూసి, రంధ్రం కడిగి, మళ్లీ అలాగే పెట్టి, మరల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. నీటిని మెల్లగా వదలాలి, ఒక్కసారి తెరిస్తే దెబ్బ పైపు మీద పడుతుంది.

జోన్ అసలు మొదలవకపోతే అనుమానం కరెంటు మీదికి పోవాలి. అన్ని జోన్లూ ఆగితే కామన్ వైరో (అన్ని వాల్వ్‌లకీ ఉమ్మడి తీగ), ట్రాన్స్‌ఫార్మరో, వాన సెన్సరో. ఒక్కటే ఆగితే ఆ జోన్ వైరు లేదా సొలినాయిడ్. కంట్రోలర్ దగ్గర ఆ జోన్ వైరునీ కామన్‌నీ విడదీసి మల్టీమీటర్‌తో ఓములు చూడాలి: 20 నుంచి 60 మధ్య ఉంటే సొలినాయిడ్ బాగున్నట్టు, సున్నా దగ్గరుంటే షార్ట్, ఏమీ చూపకపోతే వైరు తెగింది లేదా కాయిల్ కాలింది. వాల్వ్ బాక్సులో వైర్ల ముడికి గ్రీజు నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టరే వాడాలి. మామూలు టేపు చుడితే చెమ్మ చేరి మళ్లీ తుప్పు పడుతుంది. వైరో పైపో తవ్వాల్సొస్తే ముందు 811కి ఫోను చెయ్యాలని రాయడం మరవకు. ఉచితం, గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగు వేసి వెళ్తారు.

చలికాలం గురించి రాస్తే 2021 ఫిబ్రవరి మంచు తుపాను గుర్తుచెయ్యి, టెక్సస్ అంతటా పైపులు పగిలాయి. చలి సెన్సరు ప్రోగ్రాంని ఆపుతుందే గాని పైపుని కాపాడదు. గోడ పక్కన పైకి కనిపించే బ్యాక్‌ఫ్లో ఉన్నవాళ్లు గడ్డకట్టే చలికి ముందు లోపలి షటాఫ్ కట్టేసి, టెస్ట్ కాక్‌లు (దాని మీది చిన్న పరీక్ష కుళాయిలు) స్క్రూడ్రైవర్‌తో తెరిచి, పిడుల్ని 45 డిగ్రీల్లో వదలాలి. పూర్తిగా మూసినా తెరిచినా వాల్వ్‌లో తిరిగే బంతి లోపల నీరు మిగిలి గడ్డకట్టి వాల్వ్‌ని చీలుస్తుంది. న్యూజెర్సీ, షికాగోల్లో ఉన్న చుట్టాలకి ఇది చాలదు, కంప్రెసర్‌తో గాలి కొట్టించి పైపుల్లో నీరు బయటికి పంపాలి. నల్ల పాలీ పైపుకి 50, పీవీసీకి 80 పీఎస్ఐ దాటకూడదు. ఒక్కో జోన్ రెండు నిమిషాలకి మించకూడదు. గాలిని బ్యాక్‌ఫ్లో గుండా కాక దాని తర్వాతి చోట ఎక్కించాలి. అనుభవం లేనివాళ్లు దీన్ని పని తెలిసిన మనిషికి అప్పగించమని రాయి.

హైదరాబాద్ విల్లాల వాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్లకో పేరా. మేడ మీది ట్యాంకు నుంచి పది మీటర్ల దిగుడు అంటే 14 పీఎస్ఐ మాత్రమే, పాప్-అప్ స్ప్రే దానితో సరిగా పనిచెయ్యదు, పంపు కావాలి. బోరు నీటి సున్నం నాజిళ్ల మీద తెల్లగా పేరుకుంటుంది. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి, సూదితో పొడిచి రంధ్రం పెద్దది చెయ్యకూడదు.

వాల్వ్ భాగానికి ఒక బొమ్మ గీయించు, డయాఫ్రం పైగది, కిందిగది వేరే రంగుల్లో. డబ్బాల లెక్కలో నేనిచ్చినవి ఉదాహరణ అంకెలు. రెండో ప్రతి పంపే ముందు మీ వీధిలో ఒక లాన్ మీద నువ్వే ఆరు డబ్బాలు పెట్టి కొలిచి, ఆ అంకెలతో రాసి పంపు.

నీ అన్నయ్య