ఏసీ కంపుకి గ్యాస్ నింపించడం దండగ

"వానలు పడ్డప్పటి నుంచి కారులో ఏసీ వేయగానే తడిగుడ్డ కంపు. గ్యాస్ నింపించాం, వెంట్‌కి సెంటు డబ్బా తగిలించాం, పోలేదు. ఏ స్ప్రే కొనాలి?" అని రాయగడ నుంచి అడిగారు.

స్ప్రే సంగతి తర్వాత. ముందు ఆ గ్యాస్ డబ్బులు దండగయ్యాయండి. ఏసీ గ్యాస్ మూసిన పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గితే చల్లదనం తగ్గుతుంది, అంతేగానీ తడిగుడ్డ కంపు రాదు. చల్లగానే ఉన్న కారుకి "గ్యాస్ డౌన్ అయింది" అని ఎవరైనా అంటే బండి తిప్పుకుని వచ్చేయండి. అవసరం లేకుండా ఎక్కించిన గ్యాస్ కంప్రెసర్ మీద భారం వేస్తుంది, అది పోతే ఖర్చు వేలల్లో ఉంటుంది.

కంపు పుట్టేది కూలింగ్ కాయిల్ మీద. డ్యాష్‌బోర్డు లోపల, దగ్గరదగ్గరగా పేర్చిన సన్నటి అల్యూమినియం రేకులు. చన్నీళ్ల చెంబుకి బయట చెమట పట్టినట్టే దానికీ పడుతుంది. ఆ నీరు కింద ట్రేలోకి జారి, అక్కణ్ణించి రబ్బరు డ్రెయిన్ పైపులో రోడ్డు మీదికి పోవాలి. బండి ఆపేశాక రేకుల మధ్య మిగిలిన తడికి మన ఎర్రమట్టి దుమ్ము తోడై బూజు కడుతుంది. ఏసీ వేసిన మొదటి నిమిషం గుప్పుమని కొట్టి తర్వాత తగ్గిపోతుంటే అది కాయిల్ కంపేనని రాసుకోండి.

అందరూ మర్చిపోయేది ఆ డ్రెయిన్ పైపునే. గుణుపురం వైపు తిరిగే ఒక చిన్న కారులో ఎడమ సీటు కింద మ్యాట్ ఎప్పుడూ తడిగా ఉండేది. వాన నీరే కారుతోందని డోరు బీడింగులు రెండుసార్లు మార్పించారు. కారు కింద దూరి చూస్తే డ్రెయిన్ పైపు మూతికి బిరడా కొట్టినట్టు ఎర్రమట్టి. మెత్తటి వైరు లోపలికి పోనిచ్చి తిప్పితే ముందు వక్కంత ముద్ద జారింది, వెనకే టీ డికాక్షన్ రంగులో చెంబెడు నీళ్లు, నానబెట్టి నాలుగు రోజులు మర్చిపోయిన పప్పు కంపుతో. పైపు తెరుచుకున్నా కంపు సగమే పోయింది. కార్పెట్ కింద స్పాంజి నీళ్లు తాగి ఉంది మరి. సీటు విప్పి, కార్పెట్ ఎత్తి రెండెండలు పెడితేగానీ వదల్లేదు. మీరూ మ్యాట్ తీసి కార్పెట్‌ని గట్టిగా అదిమి చూడండి. ఈ ముసురు రోజుల్లో ఏసీ పావుగంట నడిచాక కారు కింద నీళ్ల మడుగు కట్టాలి. కట్టకపోతే పైపు మూసుకుపోయినట్టే. ఎయిర్ గన్‌తో ఒకేసారి బలంగా కొట్టించకండి, లోపల పైపు జాయింటు ఊడితే మళ్లీ మ్యాటే తడుస్తుంది.

ఇక ఫిల్టరు, అంటే ఏసీ గాలిని వడగట్టేది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాలే ఉంటుంది. బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది, వెనక మూత తీసి లాగడమే. కొన్ని చవక మోడళ్లలో అసలు ఫిల్టరే ఉండదు, వెతుక్కోకండి. నల్లబడితే కొత్తది వేయండి, దాని మీది గాలి బాణం దిశ చూసి. కడిగి ఆరబెట్టిన కాగితం ఫిల్టరు మళ్లీ కంపు కొడుతుంది. ఊళ్లో తిరిగే కారుకి ఏడాదికొకటి చాలు, మట్టిరోడ్ల మీద తిరిగేదానికి ఆర్నెల్లకొకటి. వైపర్ల కింద జాలీ కూడా చూడండి. చింతచెట్టు కింద నిలిపే కారైతే ఆ సన్నటి ఆకు జాలీలోంచి దూరి లోపల కుళ్లుతుంది. ఎలుక పెంటికలు కనబడితే గ్లవ్స్, మాస్కు లేకుండా చెయ్యి పెట్టొద్దు.

ఇప్పుడు స్ప్రే. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న, పొడవాటి గొట్టం ఉన్న ఫోమ్ కాయిల్ క్లీనర్ ఏదైనా సరే. ఇంజిన్, బ్లోయర్ రెండూ ఆపండి. శుభ్రం చేసిన డ్రెయిన్ పైపులోంచి గొట్టం మెల్లగా పైకి దూర్చి, ఇక పోదన్నచోట ఆగండి. సగం డబ్బా కొట్టి, ఐదు నిమిషాలాగి మిగతాది కొద్దికొద్దిగా. ఒక్కసారే కుమ్మరిస్తే నురగ బ్లోయర్ వైపు పొంగి కరెంటు కనెక్షన్లు తడుస్తాయి. ఇరవై నిమిషాలకి నురగ నీరై, మురికితో కిందికి కారుతుంది. తర్వాత తలుపులు బార్లా తీసి, ఏసీ బటన్ ఆఫ్‌లోనే ఉంచి, హీటరు ఫుల్, బ్లోయర్ ఫుల్, బయటి గాలి మోడ్‌లో, బండి కదలకుండా ఇంజిన్ ఆన్ చేసి పదిహేను నిమిషాలు ఉంచండి. కొత్త ఫిల్టరు ఆఖర్న. ఫినాయిలు, బ్లీచింగు నీళ్లు వెంట్లలో పోయకండి, బ్లీచింగు రేకుల్ని తినేస్తుంది. సర్వీసులో పొగ పెట్టి "డిసిన్ఫెక్షన్" అని బిల్లు వేస్తారే, కాయిల్ మీద జిగట పేరుకున్నాక అది అగరొత్తితో సమానం.

పుల్లటి, ముక్కిన వాసనకే ఈ వైద్యం. సుంకి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తియ్యటి వాసన వచ్చి అద్దం లోపల జిడ్డు మంచు పట్టిందంటే హీటరు కోర్ (వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) నుంచి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారుతోంది, ఇంజిన్ చల్లారాక ట్యాంకులో మట్టం చూడండి. ప్లాస్టిక్ కాలిన వాసనైతే బ్లోయర్ ఆపేయండి. సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంటే అద్దాలు దించి బండి ఆపి దిగిపోవాలి, దాంతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనే ఉండదు.

కంపు మళ్లీ రాకుండా రోజూ చేయాల్సింది పైసా ఖర్చులేని పని. ఇల్లు ఇంకో కిలోమీటరు ఉందనగా ఏసీ బటన్ మాత్రం ఆపి, బ్లోయర్ మూడులో పెట్టి, బయటి గాలి మోడ్‌కి మార్చండి. ఇంటికొచ్చేసరికి కాయిల్ తడి కొంతైనా ఆరుతుంది. ఆ సెంటు డబ్బా మాత్రం ఇవాళే తీసేయండి, అది ఉంటే కంపు పోయిందో లేదో మీ ముక్కుకే తెలీదు.