టెక్ సందేహాలు: మెయిల్ ఐడీ మీద నొక్కితే జీమెయిల్ ఎందుకు రాదు?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఎగుమతి ఆఫీసు. సిస్టమ్స్ అన్నిట్లో క్రోమ్‌లో జీమెయిల్ తెరిచే మెయిల్స్ చూసుకుంటాం. బయ్యర్ వెబ్‌సైట్లోనో, ఎక్సెల్ షీట్లోనో ఉన్న మెయిల్ ఐడీ మీద క్లిక్ చేస్తే మాత్రం అవుట్‌లుక్ తెరుచుకుని అకౌంట్ యాడ్ చేయమంటోంది. దాన్ని మూసేసి, ఐడీ కాపీ చేసి జీమెయిల్లో పేస్ట్ చేసుకుంటున్నాం. ఈమధ్య ఒక అక్షరం కాపీ కాక ప్యాకింగ్ లిస్ట్ తిరిగొచ్చేసింది. నేరుగా జీమెయిలే వచ్చేలా చేయొచ్చా సార్?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: చేయొచ్చండి, పైసా ఖర్చు లేదు. కాకపోతే రెండు చోట్ల చెప్పాలి. చాలామంది ఒకచోట మార్చేసి, పని జరగలేదని వదిలేస్తారు.

వెబ్ పేజీలోని మెయిల్ ఐడీని క్లిక్ చేస్తే దాన్ని ఎవరికి అప్పగించాలో క్రోమ్ చూసుకుంటుంది. ఎక్సెల్లోనో పీడీఎఫ్‌లోనో ఉన్న ఐడీని క్లిక్ చేస్తే ఆ సంగతి విండోస్ చూసుకుంటుంది. విండోస్‌తో పాటు వచ్చే పాత మెయిల్ యాప్‌కు మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసి, దాని స్థానంలో కొత్త అవుట్‌లుక్‌ను పెట్టింది. మీకు అడ్డొస్తున్నది అదే అయి ఉంటుంది.

ముందు క్రోమ్ పని. జీమెయిల్ తెరిచి అడ్రస్ బార్ కుడి చివర చూడండి. ఒకదాని మీద ఒకటి పడినట్టు రెండు చిన్న డైమండ్ గుర్తులుంటాయి. వాటిని నొక్కి ‘అలౌ’ ఎంచుకోండి. గుర్తులు కనబడకపోతే ఎవరో ఎప్పుడో ‘బ్లాక్’ నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అడిషనల్ పర్మిషన్స్, ప్రోటోకాల్ హ్యాండ్లర్స్ వరకు వెళ్లి, బ్లాక్ జాబితాలో జీమెయిల్ ఉంటే తీసేయండి. తర్వాత జీమెయిల్ పేజీని రీఫ్రెష్ చేస్తే గుర్తులు వస్తాయి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు దాని సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్ దగ్గర ‘మెయిల్‌టు’ (mailto) వరుసలో జీమెయిల్‌ను ఎంచుకుంటే సరి.

ఇక విండోస్. విండోస్ 11 అయితే సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లండి. పైన ఫైల్ టైప్ లేదా లింక్ టైప్ అడిగే పెట్టెలో ‘మెయిల్‌టు’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అవుట్‌లుక్ కనబడుతుంది. దాని మీద నొక్కి గూగుల్ క్రోమ్‌కు మార్చండి. విండోస్ 10లో అదే డిఫాల్ట్ యాప్స్ పేజీలో ‘ఈమెయిల్’ దగ్గర క్రోమ్ పెట్టాలి.

అయిందో లేదో చూడటానికి విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ‘మెయిల్‌టు’, పక్కనే కోలన్, ఆ పక్కనే మీ ఐడీ, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చేయండి. ‘టు’ గడిలో మీ ఐడీతో జీమెయిల్ కంపోజ్ పేజీ రావాలి. క్రోమ్ వచ్చి కంపోజ్ రాకపోతే మొదటి పని మిగిలిపోయినట్టు. అవుట్‌లుకే వస్తే రెండోది.

ఇదంతా ప్రతి సిస్టమ్‌లోనూ, ప్రతి విండోస్ యూజర్‌కూ విడివిడిగా చేయాలి. ఒకే క్రోమ్‌లో రెండు మూడు జీమెయిల్ అకౌంట్లుంటే ముందుగా లాగిన్ అయిన అకౌంట్ నుంచే కంపోజ్ తెరుచుకుంటుంది. సొంత ఐడీ నుంచి బయ్యర్‌కు కొటేషన్ వెళ్లిపోతే ఇబ్బంది కదా, అందుకే ఆఫీసుకు వేరే క్రోమ్ ప్రొఫైల్ పెట్టుకోండి.

ఒక పని మాత్రం ఇలా కుదరదు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘సెండ్ టు’లో మెయిల్ రిసిపియెంట్ నొక్కడం, ఎక్సెల్లోంచే ఫైల్‌ను అటాచ్ చేసి పంపడం వంటివి సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసిన మెయిల్ ప్రోగ్రామ్‌నే వెతుక్కుంటాయి. మీరు ఫైల్‌ను పట్టుకుని జీమెయిల్ కంపోజ్ మీదకు లాగి వదిలేయండి. స్లాబ్ ఫోటోలన్నీ కలిపి 25 ఎంబీ దాటితే జీమెయిల్ వాటిని డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది. ఆ లింకును బయ్యర్ తెరవగలిగేలా పర్మిషన్ ఇచ్చారో లేదో చూసుకుని పంపండి.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. ఆఫీసంతా ఒకే ఐడీ, ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే వెంటనే మార్చండి. ఎగుమతిదారుల మెయిల్లోకి దొంగచాటుగా దూరి, ‘మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి’ అని బయ్యర్‌కు రాసే మోసాలు చాలా జరుగుతున్నాయి. కంటైనర్ వెళ్లిపోయాక డబ్బు ఇంకొకరికి చేరితే వెనక్కి రాబట్టడం చాలా కష్టం. పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి ఫోన్ లాంటిదాంతో నిర్ధారణ అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ నొక్కితే ఈమధ్య ఎక్కడెక్కడి నుంచి లాగిన్ అయ్యారో తెలుస్తుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ కూడా చూడండి. తెలియని ఐడీకి మెయిల్స్ ఫార్వర్డ్ అవుతుంటే ఎవరో లోపలికి వచ్చినట్టే.

ప్రశ్న: నెల్లూరులో రొయ్యల మేత డీలర్ దగ్గర అకౌంటెంట్‌ని. మీరు చెప్పినట్టు జీమెయిల్‌ను డిఫాల్ట్ చేస్తే మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి బిల్లులు మెయిల్‌లో వెళ్తాయా? పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. అలాంటి సాఫ్ట్‌వేర్ మీరిచ్చిన ఐడీ, పాస్‌వర్డ్‌తో తానే గూగుల్ సర్వర్‌లోకి వెళ్లి మెయిల్ పంపుతుంది. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు పాస్‌వర్డ్‌తో ఇలా రావడాన్ని ఆపేసింది. గూగుల్ అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ‘యాప్ పాస్‌వర్డ్స్’ అని వెతికి కొత్తది తీసుకోండి. 16 అక్షరాలు వస్తాయి, వాటిని ఖాళీలు లేకుండా సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ దగ్గర కొట్టండి. గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే ఈ యాప్ పాస్‌వర్డ్ కూడా రద్దవుతుంది. అప్పుడు మళ్లీ కొత్తది తీసుకోవాలి.