పలమనేరు వైపు జనం పోని కొండ: డిసెంబరులో నడవొచ్చా?

చిత్తూరు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా, రద్దీ లేని కొండ ఏదైనా ఉందా, డిసెంబరులో ఎక్కొచ్చా అని అడిగారు. ఉంది. కాకపోతే షూ మీద ఆశ వదులుకోండి.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు పలమనేరు దాటాక వస్తుంది. ఊరి వెనక కొండ మీద గుడీ లేదు, జలపాతమూ లేదు. అందుకే ఎవరూ రారు. మొగిలి ఘాట్ ఎక్కేసరికే సగం ఎత్తు బస్సులోనే అయిపోతుంది, పలమనేరే దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంది కదా. ఊరి నుంచి పైకి గంటన్నర నడక, అంతే.

అసలు చిక్కంతా పైన చదునులో ఉంది. అడుగున రాతి బండ, దాని మీద జానెడో రెండు జానలో మట్టి. అక్టోబరు నుంచి పడే ఈశాన్య రుతుపవనాల వాన బండలోకి ఇంకలేక ఆ పల్లాల్లోనే నిలిచిపోతుంది. చూడ్డానికి పచ్చిక, కాలేస్తే బురద. మొదటిసారి నా ఎడమకాలు మోకాటి దాకా దిగబడింది. కాలైతే వచ్చింది, షూ రాలేదు. మేకలు తోలుకొస్తున్న ముసలాయన నవ్వి, "తుంగ ఉన్నచోట కాలు పెట్టగాకు నాయనా, బండ పట్టుకుని రా" అన్నాడు. నాకు తెలిసినంతలో ఆ కొండకి అదొక్కటే గైడ్‌బుక్.

షూ కోసం వంగినప్పుడే ఇంకోటి కనబడింది. రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్క, ఆకుల మీద మంచు బిందువుల్లా జిగురు, అందులో కాళ్లు కొట్టుకుంటున్న దోమ. డ్రోసెరా అంటారు, పురుగుల్ని తినే మొక్క. ఇలాంటి సారంలేని తడి నేలలోనే పెరుగుతుంది.

ఇక ఏనుగులు. ఈ చుట్టుపక్కలే కౌండిన్య అభయారణ్యం ఉంది, 1990లో ప్రకటించారు. రెండోసారి వెళ్లినప్పుడు బురద అంచున గంగాళమంత గుంతలు వరసగా కనిపించాయి. వాటిలో నీళ్లు ఇంకా తేరుకోలేదు. అంటే ఏనుగు అప్పుడే దాటింది. మా బావ, నేను మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగాం.

కాబట్టి ఒంటరిగా వద్దు. అడవి హద్దులో ఉన్న కొండైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఊళ్లో మేకలవాళ్లని అడిగి, ఒకర్ని వెంటబెట్టుకుని వెళ్లండి, కూలి ఇవ్వండి. మధ్యాహ్నం మూడుకల్లా దిగిపోవాలి. ఫిబ్రవరిలో వెళ్తే నేల ఎండి నడక సులువే, కానీ ఆ ఎర్ర మొక్కలు కనపడవు.