దేవతలు దాల్చిన రూపాలు, రాక్షసులు పన్నిన మాయలు

ప్రశ్న: సింహాచలంలో అప్పన్న స్వామి ఏడాది పొడుగునా చందనంలోనే ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనమిస్తారు. మొన్న ఆ దర్శనం చేసుకున్నప్పటి నుంచి ఒక సందేహం పట్టుకుంది. దమయంతీ స్వయంవరంలో దేవతలు నలుని రూపం ధరించారు, లంకలో ఇంద్రజిత్తు మాయాసీతను చూపించాడు. రెండూ లేనిదాన్ని ఉన్నట్లు చూపడమే కదా? ఒకటి లీల, మరొకటి మోసం ఎలా అయ్యాయి?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: చందనాన్ని ఈ లెక్కలో చేర్చకండి. అక్కడ స్వామి వేరొకరిలా కనిపించడం లేదు. పూత కింద ఉన్నారు, ఆ సంగతి కొండ ఎక్కే ప్రతివారికీ తెలుసు. మీరు చెప్పిన మిగతా రెండు మాత్రం నిజంగా ఒకే కోవలోనివి. తేడా ఆ రూపం కట్టిన తీరులో లేదు, అది విడిపోయిన తీరులో ఉంది.

నలుని కథను అరణ్యపర్వంలో బృహదశ్వ మహర్షి ధర్మరాజుకు చెబుతాడు. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని పోలికతోనే సభలో కనిపించారు. దమయంతి రెప్పపాటును గమనించి తెలివిగా నలుని పట్టేసిందని మన కథకులు చాలామంది చెబుతుంటారు గాని, వ్యాసభారతంలో క్రమం అది కాదు. దేవతలను గుర్తుపట్టే చిహ్నాలను ఆమె పెద్దల వల్ల విని ఉన్నది. అయినా ఆ ఐదుగురిలో ఒక్కరియందు కూడా అవి ఆమెకు కనిపించలేదు. అప్పుడామె ఆ దేవతలనే శరణు వేడి, తాను మనసా వాచా నలుని తప్ప మరొకరిని కోరని మాట సత్యమైతే తమ రూపాలు చూపమని ప్రార్థించింది. ఆ తరువాతనే చెమట పట్టని దేహాలు, రెప్ప వాల్చని కన్నులు, వాడని మాలలు, నేలను తాకని పాదాలు ఆమెకు గోచరించాయి. నీడా, దుమ్మూ, వాడిన మాలా ఉన్నవాడు నలుడని తేలింది. అంటే రూపం వేసుకున్నవారే, అడిగినదాని సత్యానికి తలవంచి, దానిని విప్పుకున్నారు.

యుద్ధకాండలో అలా జరగదు. హనుమంతుడు చూస్తుండగా ఇంద్రజిత్తు మాయాసీతను నరుకుతాడు, ఆ వార్త విని రాముడంతటివాడు మూర్ఛపోతాడు. అది నికుంభిలలో హోమం నిర్విఘ్నంగా సాగించుకోవడానికి పన్నిన ఎత్తు అని విభీషణుడు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అంతకుముందు విద్యుజ్జిహ్వుడు కల్పించిన రాముని శిరస్సును చూసి సీత విలపించినప్పుడు, ఆ గుట్టు విప్పినది కూడా రాక్షసస్త్రీ అయిన సరమయే. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. రాక్షసమాయను పన్నినవాడు తనంతట తాను విప్పడు.

అయితే దేవతల మాయ ఎప్పుడూ చల్లనిదే అనుకోవడానికి లేదు. స్వర్గారోహణపర్వంలో ధర్మరాజుకు తమ్ములూ ద్రౌపదీ నరకంలో ఆక్రోశిస్తున్నట్లు వినిపిస్తుంది. ద్రోణుని పుత్రుని విషయంలో నీవు వ్యాజంతో (కపటంతో) ప్రవర్తించావు, అందుకే నీకు వ్యాజంతోనే నరకం చూపించాము అని ఇంద్రుడు నిర్మొహమాటంగా చెబుతాడు. ఇది లీల అనడానికి నాకు నోరు రాదు, శిక్ష అనే అంటాను. కాని ఇక్కడ కూడా, ధర్మరాజు తనవారిని విడిచి రానని నిలబడ్డాక, ఆ దృశ్యాన్ని తొలగించినవారు దేవతలే.

ప్రశ్న: ఇంద్రజిత్తు చంపిన మాయాసీత, రావణుడు ఎత్తుకుపోయిన మాయాసీత ఒకరేనా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదు. వాల్మీకంలో రావణుడు అపహరించినది సాక్షాత్తు సీతనే. రాముడు ముందుగానే చెప్పగా, సీత కుటీరంలో తన ఛాయను నిలిపి అగ్నిలో ఉండిపోయిందన్న కథ అధ్యాత్మ రామాయణంలోనిది. అందులో అగ్నిప్రవేశమంటే అసలు సీత తిరిగి రావడమే. మన ప్రాంతంలో వేంకటాచల మాహాత్మ్యం వల్ల ఈ కథ మరికొంత సాగింది. సీతకు మారుగా లంకలో ఉన్న వేదవతియే ఆకాశరాజు కుమార్తె పద్మావతిగా శ్రీనివాసుని చేపట్టిందని అందులో చెబుతారు.